పాత చీరల చక్కెర

చీరాలకు తిరిగొచ్చి వారం దాటింది గానీ సంచి ఇంకా విప్పలేదు. విప్పితే ప్రయాణం నిజంగా అయిపోయినట్టేనని ఓ బెంగ. "ఆ సంచి ఎన్నాళ్ళు గుమ్మానికి అడ్డంగా పెడతావే?" అని మా ఆయన రోజూ తిడుతున్నాడు. తిట్టనీ.

పోస్టాఫీసు కౌంటరు వెనక సగం జీవితం కూర్చుని గడిపినదాన్ని. రిటైరయ్యాక కుర్చీ చూస్తేనే ఒళ్ళు మంట. ఇంట్లో నా తిరుగుడు చూసి కాలుగాలిన పిల్లి అని పేరు పెట్టారు. అందుకే మా చెల్లెలి కూతురు భార్గవి అనంతపురం నుంచి ఫోను చేసి, "పెద్దమ్మా, పాత నూలు బట్టల కోసం ఊళ్ళు తిరగాలి, తోడొస్తావా?" అని అడిగిన పూటే బయల్దేరాను. బట్టలెందుకని కూడా అడగలేదు. హిందూపురంలో ఇద్దరం కలిసి బస్సెక్కాక తీరిగ్గా అడిగాను.

"చక్కెర చెయ్యడానికి" అంది.

ఎండకు దీని బుర్ర తిరిగిందేమో అనుకున్నాను. కెమిస్ట్రీ చదివి, బెంగుళూరులో మంచి ఉద్యోగం వదిలేసి, అనంతపురం బయట ఓ రేకుల షెడ్డులో పెద్ద స్టీలు తొట్టి పెట్టుకుని కూర్చున్న పిల్ల. దాని మాటల్లో నాకు అర్థమైనంత చెబుతాను. నూలు దారమంటే గ్లూకోజు పూసలు గుచ్చిన దండ లాంటిదట. ఆ దండను తెంపే ఎంజైములున్నాయి. పాత గుడ్డను ముందు వేడి సోడా నీళ్ళలో ఉతికి, మెత్తబరిచి, ముక్కలు చేసి తొట్టిలో వేస్తారు. గోరువెచ్చని నీళ్ళలో ఎంజైము కలిపి తిప్పుతూ ఉంటే రెండు మూడు రోజుల్లో గుడ్డ కరిగి తియ్యటి నీళ్ళవుతుంది. ఆ తీపి మనం తినడానికి కాదు. దాన్ని సూక్ష్మజీవులకు మేపితే అవి రకరకాల ఆమ్లాలు తయారు చేసి పెడతాయి. వాటితో మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్కు, మందుల్లో వాడే సరుకు, ఇంకా ఏవేవో చేస్తారు.

"లేకపోతే ఈ గుడ్డలన్నీ కాల్చేస్తున్నారు పెద్దమ్మా. లేదంటే గుంటల్లో పూడ్చేస్తున్నారు" అంది.

చిక్కంతా ఆ తొట్టితోనే. అది భార్గవిది కాదు. బెంగుళూరు కంపెనీ ఒకటి కొన్నాళ్ళు వాడుకోమని ఇచ్చింది. వచ్చే సోమవారం వాళ్ళ మనిషి వస్తాడు. ఈ జిల్లాలో దొరికే పాత బట్టతోనే చక్కెర చేసి చూపిస్తే తొట్టి ఉంటుంది. లేకపోతే అతని వెనకే వచ్చే లారీలో వెళ్ళిపోతుంది. తొట్టి పోతే భార్గవి షెడ్డుకు తాళం వేసుకోవడమే.

"మరి ఇంత నింపాదిగా కూర్చున్నావేమే?" అన్నాను.

"నువ్వున్నావుగా. ఇద్దరి కంగారూ నువ్వే పడు" అంది.

చిలమత్తూరు

చిలమత్తూరులో టీకొట్టు బోర్డు మీద పైన తెలుగు, కింద కన్నడం. కొట్టామె ఒకే వాక్యంలో రెండూ మాట్లాడుతోంది. టీ పది రూపాయలు. ఆ గ్లాసు కంటే మా ఊళ్ళో పసిపిల్లలకు మందు పోసే ఉగ్గుగిన్నె నయం. నేను పెద్ద నోటు తీస్తే, "చిల్లర దుడ్లు ల్యావా అక్కా? పొద్దున్నే నోటు తీస్తే యాడ తెచ్చేది?" అని గద్దించింది. మా వైపు కొట్టువాళ్ళు ఇలా గద్దిస్తే బేరం పోతుంది. ఈమె గద్దించిన చేత్తోనే ఓ బిస్కెట్టు తీసి నాకిచ్చింది. ఇక్కడ గద్దించడం పలకరింపులో భాగమని తర్వాత అర్థమైంది.

ఊరి బయట రెడీమేడ్ దుస్తులు కుట్టే షెడ్డు ఒకటుంది. అక్కడి మేస్త్రీ రామాంజి మమ్మల్ని వెనక్కు తీసుకెళ్ళాడు. కత్తిరింపు ముక్కల గుట్ట నా ఎత్తుకు రెండింతలుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. పని ఇక్కడే అయిపోయిందని గోనెసంచులు విప్పబోయాను. భార్గవి ఓ ముక్క తీసి రెండు చేతులా లాగింది. సాగింది. ఇంకోటి తీసింది. అదీ సాగింది. అగ్గిపుల్ల గీసి ఓ అంచుకు అంటిస్తే, బూడిద రాలకుండా చివర నల్లటి ఉండ కట్టింది.

"అంతా కాటనే మేడం. లేబులు మీద రాసిండాది సూడు" అన్నాడు రామాంజి.

"కాటన్ ఎక్కువే అన్నా. దాంతోపాటు పాలిస్టరు, సాగే దారం కలిపినారు. నా తొట్టిలో అవి కరగవు" అంది భార్గవి. నాలుగేళ్ళు ఇక్కడుంటే మా పిల్ల నోట కూడా 'కలిపినారు' వచ్చేసింది.

"ఇప్పుడు సాగని గుడ్డ యాడుండాది మేడం? మనిషి కూర్చోవల్ల, లేయల్ల, బండెక్కల్ల. నూరుపాళ్ళ కాటన్ కావల్లంటే మా అవ్వ పెట్టె తెరిచి సూడల్ల" అని నవ్వాడతను.

భార్గవి నవ్వలేదు. అక్కడే నిలబడి ఫోను తీసింది. కణేకల్ దగ్గర ఓ పల్లెలో పొదుపు సంఘం నడిపే ఓబులమ్మతో దానికి పాత పరిచయం.

"ఓబులక్కా, మీ ఊళ్ళో పాత నూలు చీరలు, పంచెలు, తువ్వాళ్ళు, చినిగినవైనా సరే, నాకు కావాలి. వాటితో చక్కెర చేస్తాం."

ఫోను స్పీకరులో ఓబులమ్మ గొంతు పలికింది. "గుడ్డతోనా?"

"అవునక్కా."

"సరే పాప. బేస్తవారం రా. తయారు పెడతాం."

ఏం తయారు పెడతారని అప్పుడే అడిగి ఉంటే ఈ కథ ఇంత ఉండేది కాదు.

అనంతపురం

గురువారాన్ని ఇక్కడ బేస్తవారం అంటారు. అప్పటిదాకా అనంతపురంలో ఆగాలి. ఆగడమంటే నాకు జబ్బు. పొద్దున్నే బస్టాండు దాకా నడిచి, తోపుడు బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. మా వైపు మరమరాలు సాయంత్రం పూట కరకరలాడించే చిరుతిండి. వీళ్ళు వాటిని బొరుగులంటారు, పొద్దున్నే నీళ్ళలో తడిపి, తాలింపు వేసి టిఫిను చేసేస్తారు. ముప్ఫై రూపాయలకు విస్తరి నిండా పెట్టాడు. ఇంకో రెండు బజ్జీలు నేను అడక్కుండానే వేసి, "తినమ్మా, యేమీ గాదు" అన్నాడు. నాకు షుగరు జబ్బుందని అతనికేం తెలుసు? భార్గవికి తెలుసు గనుక దానికి చెప్పలేదు.

షెడ్డు ఊరికి దూరంగా ఎర్రమట్టి చేల మధ్య ఉంది. ఆషాఢం గాలి రాత్రీ పగలూ రేకుల్ని వాయిస్తూనే ఉంది. తొట్టి మనిషి కంటే ఎత్తు, నిగనిగలాడుతూ ఖాళీగా నిలబడి ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు సోమవారం గుర్తొచ్చేది. లేచి బయటికి వెళ్ళేదాన్ని. బయట పక్క చేను రైతు చెనిక్కాయ, అంటే మా వేరుశనగ, విత్తనం సిద్ధం చేసుకుని ఆకాశం చూస్తూ ఉండేవాడు.

"మోడాలు వస్తాండాయి, పోతాండాయి. యాడికి పోతాండాయో మాత్రం చెప్పవు" అన్నాడు నాతో. నల్లటి మబ్బులు నిజంగానే మా నెత్తి మీంచి ఒక్క చుక్కయినా రాల్చకుండా పరుగెత్తి పోతున్నాయి. ఆ రైతూ నేనూ చెరో గట్టు మీద నిలబడి ఎవరి కంగారు వాళ్ళం పడేవాళ్ళం.

అక్కడ నేనో పాడుపని చేశాను. బస్సు దిగిన రోజు, షెడ్డు వెనక డ్రమ్ములో నీళ్ళు చూసి, చెంబుల కొద్దీ పోసుకుని మోకాళ్ళ దాకా కడుక్కున్నాను. చీరాలలో ఇసుక నాలుగడుగులు తవ్వితే నీళ్ళు. ఇక్కడ డ్రమ్ము నిండాలంటే ట్యాంకరు రావాలి, అది చెప్పిన రోజున రాదు. భార్గవి వచ్చి డ్రమ్ము అడుగు చూసి మూత పెట్టింది. ఆ నీళ్ళు పారిన తడి వంక చూస్తూ నిలబడింది. ఒక మాట అనేసినా బాగుండేది.

కణేకల్ వైపు

కణేకల్ అనగానే కాలువ, వరి పైరు అని చెబుతారు. మేము వెళ్ళిన పల్లె కాలువకు అందని వైపుంది. దారిలో ఒకచోట ఇసుక దిబ్బలు కనిపించాయి. సముద్రం లేకుండా ఇసుక దిబ్బలేమిటని తోటి ప్రయాణికుణ్ణి అడిగితే, "హగరి ఏటి ఇసుక అమ్మా, గాలికి లేచి చేన్ల మీదికి వస్తాది. ఈ యేడు ఈడుంటే వచ్చే యేటికి ఆడుంటాది" అన్నాడు. ఇసుక కూడా ఒకచోట నిలవదన్నమాట. ఆ ఊరు నాకు నచ్చింది.

ఓబులమ్మ ఇంటి వసారాలో బట్టలు సిద్ధంగా ఉన్నాయి. నేను నోరు తెరిచాను. మా వైపు పాత గుడ్డలిమ్మంటే ఉండ చుట్టి ప్రహరీ మీంచి పడేస్తారు. ఇక్కడ అంచుకు అంచు కలిపి మడతలు పెట్టి, ఇంటింటి దొంతరా వేరువేరుగా పేర్చారు. చిరుగులు లోపలికి మడిచారు. ఒక్క మరక లేదు. ఎండ వాసన వేస్తున్నాయి. చేత్తో నిమిరి, "ఎండకు ఎంత బిరుసుగా అయ్యాయో చూడు" అన్నాను భార్గవితో. నా తెలివి అంతవరకే పనిచేసింది.

ఆ ఊళ్ళో ఓ పద్ధతి ఉంది. కట్టిన చీర ఇల్లు దాటి పోయేముందు కొంగు చివర వేలెడు వెడల్పున పీలిక చింపి దాచుకుంటారు. చీరతో పాటు ఇంటి కళ కూడా పోకుండా అట. ప్రతి చీరకూ ఓ పక్క కొత్తగా చింపిన అంచు కనిపిస్తోంది. ఆడవాళ్ళందరిలోకీ పెద్దది లింగమ్మవ్వ. ఆమె తన చీర పీలికను అప్పుడే చింపి ముంజేతికి చుట్టుకుంది. కొడుకు పుట్టిన యేడు కొన్నదట ఆ చీర. ఆ కొడుక్కిప్పుడు మనవలున్నారు.

"చక్కెర అయినాక నాకు చిటికెడు తెచ్చియ్యి పాప. నా చీర యెంత తీపు ఉండాదో సూస్తా" అంది అవ్వ.

"తినేది కాదవ్వా అది. మందులకీ వాటికీ పోతుంది" అంది భార్గవి.

"తినగూడని చక్కెర యేం చక్కెరమ్మా!" అని అవ్వ కొట్టిపారేసింది. అందరూ నవ్వారు. భార్గవి మాట ఎవరూ నమ్మలేదని అప్పుడు మాకు తట్టలేదు.

తినకుండా కదలనివ్వలేదు. జొన్నరొట్టె, ఎర్రకారం, చెనిక్కాయల పొడి, పుండికూర పప్పు. మా గోంగూరే ఇక్కడ పుండికూర, పులుపు మాత్రం ఓ మెట్టు ఎక్కువ. నేను మూడో రొట్టె వద్దంటే, "ఇంత దూరం వచ్చి కోడిపిల్ల మాదిరి తింటావేమ్మా? తినల్ల" అని ఓబులమ్మ కోప్పడింది. తిన్నాను.

షెడ్డులో

బట్టల్ని చూసి భార్గవి ఒక నిర్ణయం తీసుకుంది. మామూలుగా అయితే ముందు సోడా నీళ్ళలో ఉతకాలి. దానికి డ్రమ్ములకు డ్రమ్ములు నీళ్ళు కావాలి. ట్యాంకరు రాలేదు. "వాళ్ళే ఇంత శుభ్రంగా ఉతికిచ్చారు, వాడి వాడి మెత్తబడ్డాయి కూడా. ఈ సారికి సోడా మానేద్దాం" అంది. ఆ రాత్రే సగం బట్టలు ముక్కలు చేసి తొట్టిలో వేశాం. సగం అట్టిపెట్టాం. ఎంజైము కలిపింది. తొట్టి లోపల తెడ్డు తిరగడం మొదలైంది.

చక్కెర కొలిచే దాని పరికరం బాగుచేతకు వెళ్ళింది. అప్పుడు గుర్తొచ్చింది నా సంచిలోని షుగరు మిషను. తొట్టిలో నీళ్ళు చుక్క తీసి, లెక్క ప్రకారం పలచన చేసి, నా రక్తం పెట్టే పట్టీ మీద పెట్టాం. శుక్రవారం మధ్యాహ్నానికే అంకె ఎగిరి కూర్చుంది. నా షుగరు ఎప్పుడూ అంత లేదు. నేను అరిచిన అరుపుకు పక్క చేను రైతు వాన పడిందేమోనని పరుగెత్తుకొచ్చాడు. చీరాలకు ఫోను చేసి మా ఆయనకు చెప్పాను, మా చెల్లెలికి చెప్పాను, మళ్ళీ మా ఆయనకు చెప్పాను.

భార్గవి మాత్రం ముఖం ముడుచుకుని కూర్చుంది. "నూలు ఇంత తొందరగా కరగదు పెద్దమ్మా."

సాయంత్రం మళ్ళీ చూస్తే అంకె కదల్లేదు. మర్నాడు పొద్దున్నా అంతే. ముక్కలు అలాగే ఉన్నాయి, కరగలేదు. భార్గవి మందుల డబ్బాలోంచి టించరు అయోడిన్ తీసి, మిగిల్చిన చీర మీద ఓ చుక్క వేసింది. గుడ్డ మీద చిక్కటి నీలం పువ్వు విచ్చుకుంది. ఇంకో చీర. ఇంకో పంచె. అన్నీ నీలమే.

"గంజి" అంది.

ఉతికి, గంజి పెట్టి, ఆరేసి ఇచ్చారు. ఆ ఎంజైములో గంజిని తెంపేది కూడా కాస్త కలిసి ఉంటుందట, పైపై గంజి ముందుగా కరిగి చక్కెరై అంకెను ఎగరేసింది. బిరుసంతా ఎండదనుకున్నాను. మా నాన్న మగ్గం నేసిన మనిషి, పడుగుకు గంజి పట్టించే వీధిలో పుట్టి పెరిగినదాన్ని, నా వేళ్ళకు తెలియలేదు! పైగా ఎంజైముకు మిగిలిన గంజి జిడ్డు అడ్డం పడి నూలు దాకా సరిగా పోలేదట.

నేను ఊరుకోలేదు. "చూడవే, అంకె అంకే. చక్కెర చక్కెరే. సోమవారం ఆయనకు మొదటి అంకె చూపించు. తొట్టి ఉంటుంది కదా. గంజి సంగతి మనిద్దరికే తెలుసు."

"ఉంచుకున్నాక అందులో ఏం పొయ్యాలి పెద్దమ్మా? ఊరందరి గంజా?"

మిషను సంచిలో పడేసి లేచాను. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

మళ్ళీ అదే పల్లెకు

మిగిల్చిన సగం బట్టలూ మూటగట్టుకుని శనివారం పొద్దున్నే మళ్ళీ ఆ పల్లెకు పోయాం. తొట్టి కడగడానికి, మళ్ళీ అందులో పొయ్యడానికి మిగిలిన నీళ్ళు సరిపోతాయి గానీ బట్టలకు షెడ్డులో నీళ్ళు లేవు. దారిపొడవునా నేను ఓబులమ్మను అడగవలసిన మాటలు పళ్ళు కొరుకుతూ కూర్చుకున్నాను. అడిగాను కూడా.

"గంజి ఎందుకు పెట్టారమ్మా? పాత బట్టలే కదా అడిగాం?"

ఓబులమ్మ తగ్గలేదు. "గంజి పెట్టకుండా యెట్ల ఇస్తారమ్మా? నోట్లోకి పోయే వస్తువు చేస్తామంటిరి. మాసిన బట్ట, నలిగిన బట్ట ఇస్తే మా ఊరి పరువేం గావల్ల? ఇంటింటికీ పోయి చెప్పినా, ఒక్కరు గూడా ఉతకకుండా ఇయ్యగూడదని. అన్నం వార్చిన గంజి ఆవులకు పోయకుండా బట్టలకు పెట్టినాం."

"ఉతకడానికి నీళ్ళెక్కడివి మీకు?" అన్నాను. ఊరి కొళాయి దగ్గర ఎండిన బిందెల వరస చూసి అడిగిన మాట అది.

"కొళాయి వచ్చింది గదా ఆ పొద్దు. మళ్ళా యెప్పుడు వస్తాదో. వచ్చిన నీళ్ళు బట్టలకే సరిపాయె. మేం నీళ్ళు పోసుకోల్యా. ఏమాయె ఇప్పుడు, సచ్చిపోతిమా?"

నాకు తల కొట్టేసినట్టయింది. వీళ్ళు స్నానాలు మానుకుని మా కోసం చిరుగుల గుడ్డలు ఉతికారు. నేను కాళ్ళు కడుక్కుని అన్ని నీళ్ళూ మట్టిలో కలిపినదాన్ని. కూర్చుకుని వచ్చిన మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి.

భార్గవి వసారాలో అటూ ఇటూ తిరుగుతోంది. దానికీ నా జబ్బు అంటుకుందనుకుంటా. ఉన్నట్టుండి ఆగి, "ఓబులక్కా, చంటిపిల్లలకు తాగించే మొలకరాగి పిండి ఎవరింట్లో ఉంది?" అంది.

మొలకెత్తిన రాగుల్లో గంజిని కరిగించే గుణముందట. రాగిమొలకల అంబలి పంచదార లేకుండానే తియ్యగా ఉండేది అందుకే. ఆ పిండి కలిపిన గోరువెచ్చని నీళ్ళలో బట్టలు నానేస్తే గంజి దానంతట అది వదిలిపోతుంది. సోడా అక్కర్లేదు. మూడు ఇళ్ళ నుంచి డబ్బాలొచ్చాయి. ఇంటికో పొయ్యి మీద నీళ్ళు కాగాయి. ఓబులమ్మ మరిది వెంకటరాముడికి ఊరి పక్కనే బోరుంది. అతను మెత్తని మనిషి కాదు, చేనుకు తప్ప ఎవరికీ చుక్క వదలడు.

"సోడా గీడా కలిపితే ఊరుకోను. ఆ నీళ్ళు నా వంగ చేనికే పోవల్ల. కరెంటు ఉన్నంతసేపే, తర్వాత నన్నడగగూడదు" అన్నాడు.

"రాగి నీళ్ళే మామా. నీ వంకాయలు తియ్యగా కాస్తాయి" అని ఒకామె అంటే గుంపంతా పకపకలాడింది. అతనూ మీసం చాటున నవ్వుకుని మోటారు వేశాడు.

నానిన బట్టల్ని బోరు ధార కింద బండ మీద వేసి బాదాం. నేను కూడా బాదాను. పిండిన ప్రతి బట్ట మీదా భార్గవి ఓ అంచున అయోడిన్ చుక్క వేసేది. నీలం వస్తే మళ్ళీ రాగి నీళ్ళలోకి. నీలం రాక గోధుమరంగు మరకే మిగిలితే కేకలు, చప్పట్లు. లింగమ్మవ్వ చీర రెండుసార్లు నీలం చూపించింది. "యెంత చిక్కటి గంజి పెట్టినావవ్వా!" అని ఎగతాళి చేస్తే, "నా చీర గదా, బాగుండల్లని పెట్టినా" అంది ఆమె, ఏ మాత్రం తగ్గకుండా. మధ్యలో కరెంటు పోయింది. సగం బట్టలు ఇంకా రాగి నీళ్ళతోనే ఉన్నాయి. వెంకటరాముడి వంక, తీగల వంక, పైన పరుగెత్తే మబ్బుల వంక చూస్తూ నేను గట్ల మీద ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. "కూర్చో అమ్మా, నువ్వు తిరిగితే కరెంటు రాదు" అన్నాడతను. కూర్చున్నాను. ఎప్పటికో వచ్చింది.

మూడోసారి అవ్వ చీర మీద చుక్క గోధుమరంగుగానే నిలిచింది.

సోమవారం

బెంగుళూరు నుంచి వచ్చినాయన పేరు మూర్తి. నెరిసిన జుట్టు, చేతిలో గొడుగు, పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆయన కారు వెనకే లారీ వచ్చి గేటు దగ్గర ఆగింది. డ్రైవరు తాళ్ళు కూడా దించి పెట్టుకున్నాడు. ఆ తాళ్ళు కనబడకుండా వెళ్ళి షెడ్డు తలుపు దగ్గరికి వేశాను.

కాసేపటికి ఆటో నిండా ఓబులమ్మ, లింగమ్మవ్వ, ఇంకో నలుగురు దిగారు. రమ్మని ఎవరూ పిలవలేదు. "మా గుడ్డలు గదా, యేమైనాయో సూసిపోదామని" అంది ఓబులమ్మ.

భార్గవి మూర్తి గారి ముందు రెండు అంకెలూ పెట్టింది. శుక్రవారం ఎగిరిన పెద్ద అంకె, శనివారం రాత్రి మళ్ళీ మొదలుపెట్టాక వస్తున్న చిన్న అంకె. నీలం మరకల బట్ట, గోధుమరంగు మరకల బట్ట కూడా పెట్టింది. చిన్న అంకె మరీ చిన్నది. పెద్దదానిలో సగానికి సగం కూడా లేదు.

ఆయన రెండు బట్టలూ వెలుతురులో పట్టి చూశాడు. కుర్చీ తొట్టి పక్కకు లాక్కుని కూర్చుని, "మళ్ళీ చూడమ్మా" అన్నాడు. భార్గవి చుక్క తీసింది. నా మిషను చూపింది. కొంచెం పెరిగింది. భోజనాల వేళకు ఇంకొంచెం. నెలకు సరిపడా తెచ్చుకున్న నా పట్టీలు బట్టలకే అయిపోవస్తున్నాయి. తొట్టి మూత దగ్గర అద్దంలోంచి చూస్తే ముక్కలు అంచులు కరిగి, నీళ్ళలో నానిన అటుకుల్లా విడిపోతున్నాయి. డ్రైవరు వచ్చి, "ఎత్తల్లా వద్దా సార్? లేటయితాది" అన్నాడు. ఆయన చెయ్యి ఊపి ఆగమన్నాడు.

అప్పుడే లింగమ్మవ్వ ఓ పని చేసింది. బల్ల మీద గ్లాసులో తీసిపెట్టిన తొట్టి నీళ్ళలో వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. భార్గవి "అవ్వా!" అని కేక వేసే లోపే అయిపోయింది. అవ్వ నాలుక చప్పరించి, ఓబులమ్మ వైపు తిరిగి చెప్పింది.

"తీపే మే. గంజి వాసన ల్యా."

మూర్తి గారు మొదటిసారి నవ్వారు. నవ్వాక భార్గవితో అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఆ పెద్ద అంకె ఒక్కటే చూపించి ఉంటే సంతోషంగా వెళ్ళిపోయేవాణ్ణి తల్లీ. తర్వాత ఎప్పుడో మీ రెండో మూట ఫెయిలయ్యాక, కోపంగా వచ్చి తొట్టి తీసుకుపోయేవాణ్ణి. ఇది పెరుగుతోంది. పెరగనీ. దీపావళికి మళ్ళీ వస్తాను. బట్ట ఏ ఇంటి నుంచి వచ్చినా ముందు ఆ చుక్క వేసి చూడండి."

భార్గవి తలూపి, తొట్టి వెనక్కు వెళ్ళి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం అందరి ముందే ఏడ్చాను. నాకు సిగ్గేం లేదు.

డ్రైవరు తాళ్ళు చుట్టుకుంటూ గొణుగుతున్నాడు. ఇంత దూరం వచ్చి ఖాళీ బండి తోలుకుపోవాలని వాడి బాధ. మూర్తి గారు ఆటో కోసం గేటు దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళ వైపు చూసి, "ఖాళీగా ఎందుకయ్యా, వీళ్ళను కణేకల్ దాకా దింపిరా. కిరాయి నేనిస్తాను" అన్నారు.

మర్నాడు నా రైలు. ఆ సాయంత్రం షెడ్డులో కూర్చోవాలి, సంచి సర్దుకోవాలి. నేను కూర్చోలేదు. లారీ వెనక తలుపు దించగానే అందరికంటే ముందు నేనే ఎక్కాను. తొట్టిని నిలబెట్టడానికి వేసిన గోనెసంచుల మీద ఏడుగురం కాళ్ళు చాపుకున్నాం. బండి కదిలింది. గాలి చెవుల్లో హోరుమంటోంది. లింగమ్మవ్వ ముంజేతి పీలిక ఎగురుతుంటే రెండో చేత్తో పట్టుకుని, వెనక చిన్నదైపోతున్న షెడ్డు వంక చూస్తూ అంది.

"తొట్టిని తీసకపోదామని వచ్చినారు. మమ్మల్ని ఇంటికి తీసకపోతాండారు."